సిలువ మేకులు: మా అమ్మాయి అడిగిన ప్రశ్న

ఒక గుడ్ ఫ్రైడే నాడు ఆరాధన అయ్యాక కారులో ఇంటికి వస్తున్నాం. వెనక సీట్లోంచి మా అమ్మాయి, "నాన్నా, ఇవాళ చదివినదాంట్లో మేకులు కొట్టారని ఎక్కడా లేదే?" అంది. "ఉంటుందిలేమ్మా, నువ్వే సరిగ్గా విని ఉండవు" అన్నాను. ఇంటికొచ్చి తెలుగు బైబిలు తీసి చూస్తే పిల్ల చెప్పిందే నిజం!

నాలుగు సువార్తలూ సిలువ వేశారని చెప్పి ఊరుకుంటాయి, ఎలా వేశారో వర్ణించవు. చేతుల్లో మేకుల గుర్తుల మాట పునరుత్థానం తర్వాత, తోమా సందేహపడే చోట, యోహాను 20వ అధ్యాయంలో వస్తుంది. రోమన్ల పాలనలో బతికినవాళ్ళకి సిలువంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు కదా!

మరి మనకెలా తెలుస్తుంది? ఎముకల ఆధారాలు చాలా అరుదు. తాళ్ళతో కడితే ఎముక మీద గుర్తుండదు. కొట్టిన మేకులు సాధారణంగా పీకేసేవారు. చాలా శవాలకి సరైన ఖననమే ఉండేది కాదు.

1968లో యెరూషలేములో ఒక సమాధిలోని రాతిపెట్టెలో యెహోహానాను అనే ఆయన మడమ ఎముక దొరికింది. అందులో 11.5 సెంటీమీటర్ల మేకు అలాగే ఉంది. దాని కొస వంగిపోయి ఉంది, అందుకే పీకలేకపోయి ఉంటారు.

అలాంటిదే మరొకటి ఇక్కడ, మన ఇంగ్లండులోనే బయటపడింది. కేంబ్రిడ్జ్‌షైర్‌లోని ఫెన్‌స్టాంటన్ గ్రామంలో, ఇళ్ళు కట్టబోయే స్థలంలో, 2017లో తవ్వకాలు జరిపారు. అక్కడి రోమన్ల కాలపు సమాధుల్లో 25-35 ఏళ్ళ మగమనిషి అస్థిపంజరం ఒకటి దొరికింది. ల్యాబులో ఎముకలు కడిగాకే కుడి మడమలో అడ్డంగా దిగిన మేకు కనిపించింది. క్రీ.శ. 130-360 మధ్య కాలం వాడు. ఈ సంగతి 2021లో ప్రకటించారు.

మన ఇళ్ళలో క్యాలెండర్ బొమ్మలు చూడండి, పాదం మీద పాదం పెట్టి ముందునుంచి ఒకే మేకు కొట్టినట్టుంటుంది. ఈ రెండు ఎముకల్లోనూ మేకు మడమకి పక్కనుంచి దిగింది. ఇంకొక మాట. ఇద్దరికీ సమాధి దక్కింది. కాబట్టి అరిమతయి యోసేపు దేహాన్ని అడిగి తీసుకెళ్ళి సమాధి చేశాడంటే, అది జరగరాని విషయం కాదు. గొల్గొతాలో జరిగినదానికి ఇవి రుజువులని మాత్రం అనకూడదు. ఆ కాలపు పద్ధతికి మాత్రమే సాక్ష్యాలు.

ఆ రాత్రే మా అమ్మాయితో, "నువ్వు సరిగ్గానే విన్నావమ్మా, నేనే ఇన్నేళ్ళూ సరిగ్గా చదవలేదు" అన్నాను. మీ పిల్లలు ఇలాంటివి అడిగితే నాలాగా తోసెయ్యకండి. ముందు పుస్తకం తీసి చూడండి.