చావు లోపలే రెడీగా ఉంటుంది.. పురుగు కణాన్ని ఆపుతున్న ఆ ‘బ్రేక్’ ఏంటో తెలుసా?

గూడు అల్లడం పూర్తయ్యాక పట్టుపురుగు ఒంట్లోని పట్టు గ్రంథులు ఏమవుతాయో ఎప్పుడైనా ఆలోచించారా? ప్యూపా దశలో కొద్ది రోజుల్లోనే అవి మాయమైపోతాయి. ఆ కణాలు తమను తామే చంపుకుంటాయి మరి! సైంటిస్టులు దీన్ని ప్రోగ్రామ్డ్ సెల్ డెత్ అంటారు.

ఇంతకీ చావమని కణానికి చెప్పేదెవరు? ఎక్డైసోన్ అనే హార్మోన్. పురుగు కుబుసం విడిచేదీ, ప్యూపాగా మారేదీ దీనివల్లే. ఆ తర్వాత కణం లోపల ఏం జరుగుతుందన్నది బాగా తెలిసింది మాత్రం డ్రోసోఫిలాలో. అదేనండీ, మగ్గిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగ.

అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది. ఈగ కణంలో కాస్పేజ్‌లనే కిల్లర్ ఎంజైమ్‌లు ఎప్పుడూ రెడీగానే ఉంటాయి. వాటిలో మొదట కదిలేది డ్రాంక్. డయాప్-1 అనే ప్రొటీన్ దాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. ఎక్డైసోన్ పెరగ్గానే లాలాజల గ్రంథుల్లో రీపర్, హిడ్ జీన్లు ఆన్ అవుతాయి. వీటి ప్రొటీన్లు డయాప్-1ను పక్కకు నెట్టేస్తాయి. అంతే, బ్రేక్ పోయినట్టే! డ్రాంక్ మిగతా కాస్పేజ్‌లను నిద్రలేపుతుంది. అవి కణాన్ని లోపలి నుంచే ముక్కలు చేసేస్తాయి. ఈగ పిండంలో డయాప్-1 లేకుండా చేస్తే ఏ హార్మోనూ అక్కర్లేదు, కణాలు మూకుమ్మడిగా చచ్చిపోతాయి.

వైరస్ సోకినా ఇలాంటి కథే. మన మొక్కజొన్నను తినేస్తున్న కత్తెర పురుగు తెలుసుగా? దాని కణాల్లోకి బాక్యులోవైరస్ దూరితే, లోపలి బ్రేక్ ప్రొటీన్ తగ్గిపోతుంది. వైరస్ పెరగకముందే చచ్చిపోదామని కణం ప్లాన్. వైరస్ ఊరుకుంటుందా? పీ35 అనే సొంత ప్రొటీన్‌తో కాస్పేజ్‌లకు తాళం వేస్తుంది. ఈ జీన్ లేని వైరస్ సోకితే కణాలు ముందే ముక్కలైపోతున్నాయని 1991లో అమెరికాలోని జార్జియా యూనివర్సిటీ పరిశోధకులు బయటపెట్టారు. అన్నట్టు, పుణెలో తయారైన కోవోవాక్స్ టీకాలోని స్పైక్ ప్రొటీన్‌ను పెంచింది కూడా కత్తెర పురుగు కణాల్లోనే, బాక్యులోవైరస్ సాయంతోనే!

ఇదంతా మనకెందుకు అంటారా? డయాప్-1 కుటుంబానికి చెందిన ప్రొటీన్లు మొదట దొరికింది ఈ పురుగుల వైరస్‌లలోనే. తర్వాత మనిషిలోనూ కనిపించాయి. కొన్ని క్యాన్సర్ కణాలు చావకుండా మొండికేయడానికి ఇవీ ఓ కారణం. అందుకే రీపర్, హిడ్‌లలా ఈ బ్రేక్‌ను లాగేసే మందులు తయారుచేస్తున్నారు. వాటిలో జెవినాపాంట్ తల, మెడ క్యాన్సర్‌పై ఫేజ్-3 దాకా వెళ్లింది కానీ, ఫలితం కనిపించక 2024లో ఆ ట్రయల్ ఆపేశారు.