కంటికి కప్పిన మాయ

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి కేబీఆర్ పార్కు పక్కగా బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లో దిగితే ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వస్తుంది. హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలు మూడింటిలోనూ నటించి, తర్వాత 'మిస్సమ్మ' తీసిన ప్రసాద్ గారి కుటుంబం 5 ఎకరాల స్థలం, కోటి రూపాయలు ఇస్తే 1987లో మొదలైంది. కట్టు విప్పగానే హీరోయిన్ ముందు హీరోనే చూసే సన్నివేశాలు ఫిల్మ్‌నగర్ ఎన్ని తీసిందో లెక్కలేదు గానీ, ఈ ఆసుపత్రిలో జరిగేది అంతకంటే మంచి కథ.

కంట్లో సున్నమో యాసిడో పడితే నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు చచ్చిపోతాయి. అవి లేని కంటికి ఎవరో దానమిచ్చిన నల్లగుడ్డు అతికించినా నిలవదు. ఇక్కడి డాక్టర్లు వీరేంద్ర సంగ్వాన్, సయన్ బసుల బృందం 2012లో ఓ తేలిక పద్ధతి ప్రచురించింది. రోగిదే బాగున్న కంటి అంచు నుంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని తునకలు చేసి, దెబ్బతిన్న కంటిమీద పరిచిన సన్నని పొరపై నారు నాటినట్టు నాటుతారు. ల్యాబ్‌లో కణాలు పెంచే ఖర్చు ఉండదు. దాని పేరు 'స్లెట్'.

ఆ సన్నని పొర ఏమిటనుకున్నారు? ఉమ్మనీటి సంచి! సిజేరియన్ కాన్పులో మాయతో పాటు బయటపడేదే. తల్లి సరేనంటే, పరీక్షలు చేసి దాచుతారు. శాస్త్రం లెక్కన అది బిడ్డవైపు కణజాలమే. బిడ్డ తల్లి ఒళ్లో క్షేమంగా ఉంటుంది గనుక ఎవరికీ పేచీ లేదు. ఒకప్పుడు మాయను గొయ్యి తీసి పాతిపెట్టేవాళ్లం.

పేచీ అంతా గర్భస్రావమైన పిండం నుంచి కణజాలం తీసుకునే దగ్గరే. అదీ మన ఊరికి కొత్త కాదు. కాలేయం ఉన్నట్టుండి పాడై ప్రాణం మీదికొచ్చిన ఏడుగురికి హైదరాబాద్ డాక్టర్ సి.ఎం.హబీబుల్లా బృందం పిండ కాలేయ కణాలు ఎక్కించి, ఆ వివరాలు 1994లోనే ప్రచురించింది.

భారత వైద్య పరిశోధన మండలి నియమాలు ఇలా ఉంటాయి: గర్భం తీయించుకోవడానికి ఒక సంతకం, కణజాలం ఇవ్వడానికి వేరే సంతకం. గర్భం తీసే డాక్టరూ దాన్ని వాడే డాక్టరూ ఒకరే కాకూడదు. డబ్బు కోసమో, ఎవరి వైద్యానికో పనికొస్తుందనో గర్భం తీయించుకోకూడదు. అమెరికాలో తగవు 'ప్రాణం ఎప్పుడు మొదలైంది' అని. గర్భస్రావానికి 1971లోనే చట్టమున్న మన దగ్గర అసలు ప్రశ్న 'ఆమెను అడిగారా' అన్నదే. అత్తగారూ మొగుడూ అన్నీ తేల్చేసే ఇళ్లలో ఆ రెండో సంతకానికి నేనైతే ఎక్కువ విలువిస్తాను.

అన్నట్టు, 2001 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు బుష్ అప్పటికే ఉన్న పిండ మూలకణాలకు మాత్రమే నిధులిస్తామన్నప్పుడు, నిధులకు అర్హమైనవాటి జాబితాలో ముంబై, బెంగళూరు ల్యాబులవీ ఉన్నాయి.

కోవిషీల్డ్ వేయించుకున్నారా? అందులోని వైరస్‌ను పెంచింది 1973 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో ఓ పిండం మూత్రపిండం నుంచి మొదలైన హెచ్ఈకే 293 కణాల్లో. ఆ మాట టీకా కాగితంలో అచ్చయి ఉంది. మన జీనోమ్ వ్యాలీ కోవాగ్జిన్‌కు వాడింది ఆఫ్రికా కోతి మూత్రపిండ కణాలు. ఏది మంచిదని 2021లో వాదించుకున్న మా వీధిలో ఈ తేడా ఎవరూ ఎత్తలేదు. వాటికన్ మాత్రం, వేరే టీకా దొరకనప్పుడు ఇలాంటివి వేయించుకోవచ్చని 2020 డిసెంబరులో చెప్పింది.

2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో నాటి ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలర్ జి.నాగేశ్వరరావు, కౌరవులు మూలకణ పరిజ్ఞానంతోనే పుట్టారన్నారు. ఆ సైన్సు సంగతి వదిలేయండి. ఒక కూతురూ కావాలన్న గాంధారి కోరికను వ్యాసుడు మన్నించాడు, నేతికుండల్లోంచి దుస్సల వచ్చింది. ఆమె ఇష్టం తెలుసుకునే చేశాడన్నమాట.

చివరగా, మూలకణాలుండే బొడ్డుతాడు రక్తం. 'మీ బిడ్డకు ఎప్పటికైనా పనికొస్తుంది' అంటూ ప్రైవేటు బ్యాంకులు కాన్పుకు ముందే ఫోన్లు చేస్తాయి. సొంతానికి దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదన్నది వైద్య పరిశోధన మండలి 2017 నియమాల మాట. ఒకే కాన్పులో మాయను ఊరికే ఇచ్చేసి, బొడ్డుతాడు రక్తానికి వేలకు వేలు అద్దె కట్టేవాళ్లూ ఉంటారు.