కొనకముందే కంఠతా వచ్చిన పాటలు

2006 జనవరి 23న రాక్ బ్యాండ్ ఆర్కిటిక్ మంకీస్ తొలి ఆల్బమ్ బ్రిటన్ దుకాణాల్లోకి వచ్చింది. వారం తిరిగేసరికి 3,63,735 కాపీలు అమ్ముడయ్యాయి. అప్పటిదాకా అక్కడ ఏ బ్యాండ్ తొలి ఆల్బమూ అంత వేగంగా అమ్ముడుపోలేదు. ఇంతా చేసి దాన్ని విడుదల చేసింది డొమినో అనే చిన్న స్వతంత్ర సంస్థ. బడా కంపెనీల అండ లేకుండా ఇలాంటి సంస్థల చలవతో ఎదిగిన రాక్ సంగీతానికే ఇండీ రాక్ అని పేరు.

ఆ బ్యాండ్‌లోని నలుగురిదీ ఇంగ్లండ్‌లోని ఉక్కు నగరం షెఫీల్డ్. ఇరుగుపొరుగు పిల్లలైన అలెక్స్ టర్నర్, జేమీ కుక్‌లకు 2001 క్రిస్మస్ కానుకగా గిటార్లు దక్కాయి. డ్రమ్స్‌కు మ్యాట్ హెల్డర్స్, బేస్ గిటార్‌కు ఆండీ నికల్సన్ జతకలిశారు. 2003 జూన్‌లో ఊళ్లోని ఓ పబ్‌లో తొలిసారి వాయించారు. ఆ తర్వాత తమ పాటలను సీడీల్లోకి ఎక్కించి, కచేరీలకు వచ్చినవాళ్లకు ఉచితంగా పంచేవారు.

అసలు కథ అక్కడే మొదలైంది. సీడీలు అందుకున్నవాళ్లు ఆ పాటలను ఇంటర్నెట్‌లో ఒకరికొకరు పంపుకున్నారు. మైస్పేస్ అనే సామాజిక మాధ్యమంలో బ్యాండ్ పేరిట పేజీ తెరిచిందీ అభిమానులే. ఆల్బమ్ మాట అటుంచి, ఏ సంస్థా ఒక్క పాటైనా విడుదల చేయకముందే కచేరీల్లో జనం గాయకుడు టర్నర్‌తో గొంతు కలిపి పాడేవారు.

అంతగా నచ్చడానికి ఆ పాటల్లో ఏముంది? వాళ్ల ఊరే ఉంది. క్లబ్బు గుమ్మం దగ్గర దబాయించే కాపలాదారులు, అర్ధరాత్రి టాక్సీ ప్రయాణాలు, డ్యాన్స్ ఫ్లోర్ మీద చూపులు... అన్నీ షెఫీల్డ్ యాసలోనే. అమెరికన్ల పోకడలు పోయే స్థానిక బ్యాండ్లను ‘ఫేక్ టేల్స్ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో’ పాటలో ఆటపట్టించారు. ‘వాటెవర్ పీపుల్ సే ఐ యామ్, దట్స్ వాట్ ఐయామ్ నాట్’ అన్న పొడవాటి ఆల్బమ్ పేరు కూడా ఆలన్ సిలిటో నవల ‘సాటర్‌డే నైట్ అండ్ సండే మార్నింగ్’ నుంచి తీసుకున్నదే. ఆ నవలా నాయకుడు వారాంతపు రాత్రుల కోసం బతికే ఫ్యాక్టరీ కార్మికుడు.

లింకన్‌షైర్ పల్లెపట్టులోని చాపెల్ స్టూడియోలో, జిమ్ అబ్బిస్ పర్యవేక్షణలో 2005లో ఆల్బమ్‌లో ఎక్కువ భాగం రికార్డు చేశారు. చాలా పాటలు అప్పటికే వేదికల మీద బాగా నలిగినవి. అందుకే గిటార్ల దూకుడులో కచేరీ వేడి తగ్గలేదు. అక్టోబరులో వచ్చిన తొలి సింగిల్ ‘ఐ బెట్ యూ లుక్ గుడ్ ఆన్ ది డ్యాన్స్‌ఫ్లోర్’ బ్రిటన్ పాటల పట్టికలో నేరుగా మొదటి స్థానంలో కూర్చుంది.

మెప్పుతోపాటు రచ్చా జరిగింది. ఆల్బమ్ అట్ట మీద సిగరెట్ తాగుతున్న యువకుడి ఫొటో చూసి స్కాట్లండ్ ఆరోగ్య సేవల విభాగం అభ్యంతరం చెప్పింది. విడుదలైన రోజుల్లోనే ఈ ఆల్బమ్‌ను ‘ఎన్ఎంఈ’ సంగీత పత్రిక సర్వకాల ఉత్తమ బ్రిటిష్ ఆల్బమ్‌ల జాబితాలో అయిదో స్థానానికి ఎక్కిస్తే, ఇది మరీ అతి అన్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో మాత్రం బిల్‌బోర్డ్ పట్టికలో 24వ స్థానంతోనే ఖాతా తెరిచింది.

2006లోనే నికల్సన్ తప్పుకోగా నిక్ ఓమాలీ వచ్చాడు. సెప్టెంబరులో ప్రతిష్ఠాత్మక సంగీత పురస్కారం మెర్క్యురీ ప్రైజ్ కూడా ఈ ఆల్బమ్‌కే దక్కింది. బహుమతి అందుకుంటూ టర్నర్, పోటీలో ఉన్న తమ ఊరి గాయకుడు రిచర్డ్ హాలీని ఎవరో దోచేశారని, పోలీసులకు ఫోన్ చేయమని చమత్కరించాడు.