45 సెకన్ల అనంతం: కుసామా అద్దాల గది, మన చేతిలో ఫోన్

ఈ ఎపిసోడ్ ఒక గది గురించి. మీలో చాలామంది దీన్ని రీల్స్‌లో చూసే ఉంటారు. చీకటి, చుట్టూ లెక్కలేనన్ని చిన్న చిన్న లైట్లు, మధ్యలో ఒక మనిషి, ఆ మనిషి చేతిలో ఫోన్. నేనూ ఫోన్‌లోనే చూశా. దీని పేరు ఇన్ఫినిటీ మిర్రర్ రూమ్. చేసింది జపాన్ ఆర్టిస్ట్ యాయోయి కుసామా. ఇలాంటివాటిని ఇన్‌స్టలేషన్ ఆర్ట్ అంటారు. గోడకి తగిలించిన బొమ్మని దూరం నుంచి చూడటం కాదు, బొమ్మ లోపలికే మనం నడిచి వెళ్తాం.

చూడగానే మంచి సెల్ఫీ స్పాట్ అనిపిస్తుంది. కానీ ఇది ఎక్కడి నుంచి పుట్టిందో తెలిస్తే ఆ ఫొటోలు వేరేగా కనిపిస్తాయి.

కుసామా 1929లో మత్సుమోటో అనే ఊళ్లో పుట్టారు. చిన్నప్పటి నుంచే ఆమెకి భ్రాంతులు వచ్చేవి, అంటే లేనివి ఉన్నట్టు కనిపించడం. ఒకసారి టేబుల్ మీద పరిచిన గుడ్డ మీద ఎర్ర పూల డిజైన్ చూసి తలెత్తితే, అవే పూలు సీలింగ్ మీద, కిటికీల మీద, చివరికి తన ఒంటి మీద కూడా కనిపించాయట. తను మాయమైపోతున్నట్టు అనిపించిందట. ఆమె పనిలో ఎక్కడ చూసినా కనిపించే చుక్కల వెనక ఈ భయం ఉంది. భయపెట్టినదాన్నే పదే పదే గీస్తూ, కుడుతూ పోయారు. దీనికి ఆమె వాడే మాట సెల్ఫ్ ఆబ్లిటరేషన్. ‘నేను’ అనేది చెరిగిపోయి చుట్టూ ఉన్నదాంట్లో కలిసిపోవడం అన్నమాట.

1977లో ఆమె టోక్యోలోని ఒక మానసిక వైద్యశాలలో తనంతట తానే చేరారు. దశాబ్దాలుగా అక్కడే ఉంటూ, దగ్గర్లోని స్టూడియోకి వెళ్లి పని చేస్తూ వచ్చారు. ఆర్ట్ ఉంది కదా, ట్రీట్‌మెంట్ ఎందుకు అనుకోలేదు. రెండూ పక్కపక్కనే పెట్టుకున్నారు. ‘బాధ ఉంటేనే గొప్ప కళ’ అని స్టేటస్ పెట్టేవాళ్లు ఈ సగం మర్చిపోతారు.

ఇప్పుడు గది ఎలా పనిచేస్తుందో చూద్దాం. సెలూన్‌లో ముందూ వెనకా అద్దాలుంటే మన తల వరసగా లోపలికి, లోపలికి కనిపిస్తుంది కదా, అదే సూత్రం. 1965లో న్యూయార్క్‌లో మొదటి అద్దాల గది చేశారు. అంతకుముందు గుడ్డతో కుట్టి, దూది కూరిన ఆకారాలు ఒక్కొక్కటీ చేత్తో చేసేవారు. వేలల్లో కావాలంటే ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. అద్దాలు పెట్టగానే కొన్నే లెక్కలేనన్ని అయ్యాయి. ఉన్నది కొంచెమే, మిగతాదంతా రిఫ్లెక్షన్.

నేను ఇంతకుముందు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా కాబట్టి నాకు వెంటనే గుర్తొచ్చింది ఇన్ఫినిట్ స్క్రోల్. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ చేశారు. తర్వాత ఆయనే దాని గురించి బహిరంగంగా బాధపడ్డారు కూడా. అందులోనూ నిజంగా అనంతం ఏమీ లేదు. మీరు కిందికి చేరేలోపే ఇంకొన్ని పోస్టులు లోడ్ అవుతాయి. అంతే. పేజీకి అడుగు అనేది తీసేశారు. మామూలుగా ఆ అడుగు దగ్గరే మనం ‘ఇక చాలు’ అనుకునేవాళ్లం.

రెండూ కొంచెంలోంచి అనంతాన్ని పుట్టించేవే. మరి తేడా ఏంటి? గదికి తలుపుంది. లాస్ ఏంజెలెస్‌లోని ద బ్రాడ్ మ్యూజియంలో 2013 నాటి కుసామా గది ఒకటి ఉంది. లోపల ఉండనిచ్చేది సుమారు 45 సెకన్లు. క్యూ పెద్దది కాబట్టి పెట్టిన రూల్ అది. టైమ్ అవగానే బయట ఉన్న మనిషి తలుపు తీస్తారు. ఫీడ్‌లో ఆ తలుపు తీసేవాళ్లు లేరు.

ఆ 45 సెకన్లలో చాలామంది చేసేది ఫొటో తీయడం. ‘నేను’ కరిగిపోవడానికి కట్టిన గదిలో ‘నేను’ని మధ్యలో నిలబెట్టి ఫ్రేమ్ చేస్తున్నాం. కుసామాకి ఇది కొత్తేం కాదు. 1966లో వెనిస్ బియెనాలే దగ్గర గడ్డి మీద 1,500 అద్దం బంతులు పరిచి, ఒక్కోటి 1,200 లీరాలకి, అంటే సుమారు 2 డాలర్లకి, అమ్మారు. ఆ పనికి నార్సిసస్ గార్డెన్ అని పేరు పెట్టారు. తన నీడనే చూసుకుంటూ ఉండిపోయిన గ్రీకు కథలోని కుర్రాడి పేరు అది. నీ మొహం నీకే అమ్ముతున్నా అన్నట్టు! నిర్వాహకులు అమ్మకం ఆపించారు. ఫోన్‌కి ఫ్రంట్ కెమెరా రావడానికి చాలా ముందు మాట ఇది. 1993లో అదే వెనిస్‌కి జపాన్ తరఫున అధికారికంగా వెళ్లారు.

ఫొటో తప్పని నేను అనను. ముందు చూడండి, తర్వాత తీయండి. 2009లో ఆమె చేసిన ఇంకో గదిలో లైట్లు మెల్లగా వెలిగి, మొత్తం ఆరిపోతాయి. ఆ చీకట్లో నిలబడితే ఎలా ఉంటుందో ఏ కెమెరాకీ దొరకదు.

ఇక మన సంగతి. స్క్రోల్‌కి మనమే ఒక తలుపు పెట్టుకోవాలి. యాప్‌లో టైమర్ పెడితే దాన్ని ‘ఇగ్నోర్’ చేయడానికి ఒక్క ట్యాప్ చాలు, ఆ సంగతి మనందరికీ తెలుసు. అందుకే తలుపు ఫోన్ బయట ఉంటే మేలు. కుక్కర్ మూడో విజిల్ వరకే అనుకోండి. లేదా అమ్మ “అన్నానికి రా” అని పిలిచేవరకే. పిలుపు వినగానే ఫోన్ అక్కడే పెట్టి లేవండి. ‘వస్తున్నా’ అని కూర్చుంటే తలుపు మళ్లీ మూసుకున్నట్టే.

నిద్ర పట్టకపోయినా, రోజుల తరబడి మనసు బాలేకపోయినా అది టైమర్‌తో తీరేది కాదు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ లైన్ ఉంది, నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. సాయం కావాలని కుసామా తనే ఆసుపత్రి తలుపు తట్టారు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. చదివింది చాలు, ఇక ఫోన్ పక్కన పెట్టండి.