తడి రోడ్డుకు తొందర గిట్టదు

1984 జూన్ 3న మొనాకోలో ఫార్ములా వన్ రేసు జోరువానలో మొదలైంది. బరిలో ఉన్నవి 20 కార్లు. అందులో 19 టర్బో ఇంజిన్లవి, వాటిలో బలమైనవాటి సత్తా 700 హార్స్‌పవర్ పైమాటే. మిగిలిన ఒక్కటీ టర్బో లేని పాత తరహా కాస్‌వర్త్ ఇంజిన్‌తో నడిచే టిరెల్ కారు. దాని బలం 500 హార్స్‌పవర్‌కు కాస్త అటూ ఇటూ. దాన్ని నడిపిన జర్మన్ కుర్రాడు స్టెఫాన్ బెలోఫ్ అందరికన్నా చివర, ఇరవయ్యో స్థానంలో నిలబడి పరుగు మొదలుపెట్టాడు. వాన ఎంతకీ తెరిపివ్వక 31 ల్యాపులతో రేసును ముగించేసే సమయానికి మూడో స్థానంలోకి వచ్చేశాడు. బరువు, ఇంధన నిబంధనల గొడవలో టిరెల్ జట్టు ఆ ఏడాది ఫలితాలన్నీ తర్వాత కొట్టేశారు కాబట్టి రికార్డుల్లో ఆ మూడో స్థానం కనిపించదు. కానీ రోడ్డు మీద జరిగింది మాత్రం అదే.

అదే రేసులో ఇంకో ముచ్చట. టర్బో లోటస్‌లో ఉన్న నైజెల్ మాన్సెల్ అప్పటిదాకా ముందున్న అలైన్ ప్రోస్ట్‌ను దాటి అందరికన్నా ముందుకొచ్చాడు. కాసేపటికే, కాసినో వైపు ఎక్కే ఎత్తు రోడ్డులో అతని కారు వెనక చక్రాలు జారి గోడకు కొట్టుకుంది. రోడ్డు మీద వేసిన తెల్లగీత మీద టైరు పడడమే కారణమని అతని మాట. సాకు అని నవ్విన వాళ్లు ఉన్నారు గానీ, భౌతికశాస్త్రం అతని పక్షమే. తడి రోడ్డు, పెయింటు గీత, ఒక్కసారిగా ఎగదన్నే టర్బో ఇంజిన్. మూడూ ఒకే క్షణంలో కలిశాయి.

ఇంజిన్‌కు ఎంత బలమున్నా అది రోడ్డుకు చేరాల్సింది టైరు రోడ్డును తాకే చోటు గుండానే. మామూలు కారులో ఒక్కో టైరుకు ఆ చోటు అరచేతి పాటి. మోటార్ సైకిల్‌కు అంతకన్నా చిన్నది. అక్కడ పట్టు ఎంతనేది రెండింటిని బట్టి ఉంటుంది: ఆ చక్రం మీద పడే బరువు, రోడ్డుకూ రబ్బరుకూ మధ్య ఘర్షణ గుణకం. పొడి తారు మీద ఈ గుణకం 0.9 దరిదాపుల్లో ఉంటుంది. తడిస్తే 0.5కు, నున్నటి చోట్ల ఇంకా కిందికీ దిగుతుంది.

ఈ అంకెలు ఏం చెబుతున్నాయో ఇప్పటి చిన్న టర్బో పెట్రోల్ కారుతో లెక్కేసి చూద్దాం. ఇంజిన్ టార్క్ 170 న్యూటన్ మీటర్లు అనుకోండి. సెకండ్ గేర్‌లో గేర్లన్నీ కలిసి దాన్ని సుమారు ఎనిమిది రెట్లు చేస్తాయి. చక్రం వ్యాసార్ధం 30 సెంటీమీటర్లు. నష్టాలు పోగా ముందు చక్రాలు రోడ్డును వెనక్కి తోసే బలం 400 కిలోల బరువుకు సమానం. ముందు చక్రాల మీద పడే బరువు 600 కిలోలైతే, పొడి రోడ్డు 540 కిలోల దాకా ఓర్చుకుంటుంది. తడి రోడ్డు 300 దగ్గరే చేతులెత్తేస్తుంది. అదే కారు, అదే గేర్, అదే పాదం. పొద్దున పొడి రోడ్డు మీద చల్లగా సాగిన బండి సాయంత్రం వానలో చక్రాలు గిర్రున తిప్పడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

నీరు చేసేదేమిటి? రబ్బరు పట్టు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, రబ్బరు అణువులు రోడ్డు ఉపరితలానికి అంటుకుని లాగడం. రెండోది, గరుకు రాళ్ల మొనలు రబ్బరులోకి దిగి దాన్ని నొక్కుతూ వదులుతూ ఉంటే, ఆ సాగుడులో శక్తి ఖర్చయి నిరోధం పుట్టడం. నీటి పొర మొదటిదాన్ని దాదాపు చంపేస్తుంది. రెండోది మిగులుతుంది, అదీ రోడ్డు గరుగ్గా ఉంటేనే. పెయింటు గీతల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద, ఫ్లైఓవర్ అతుకుల దగ్గర ఇనుప పట్టీల మీద గరుకే లేదు, కాబట్టి రెండూ పోతాయి. తొలకరి వాన మరీ మోసం చేస్తుంది. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము, టైర్ల నుంచి అరిగిన రబ్బరు పొడి మొదటి జల్లుకే జిగటగా మారతాయి. గట్టి వాన కొంతసేపు కురిసి కడిగేస్తే పట్టు కొంత తిరిగొస్తుంది.

అయినా అసలు విలన్ బలం కాదు, అది వచ్చే తీరు. ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బోను తిప్పేది ఇంజిన్ వదిలే పొగే. తక్కువ వేగంలో పొగ తక్కువ, టర్బో మందకొడిగా ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే కాస్త పొగ పెరిగి టర్బో వేగం పుంజుకుంటుంది, దాంతో ఎక్కువ గాలి, ఎక్కువ ఇంధనం, మళ్లీ ఎక్కువ పొగ. ఈ గొలుసు పుంజుకున్నాక జోరుగా సాగిపోతుంది. 1984 నాటి కార్లలో తొక్కిన కాసేపటికి గానీ ఏమీ జరిగేది కాదు, జరిగినప్పుడు మాత్రం వెనక నుంచి ఎవరో తన్నినట్టు వచ్చేది. మలుపు మొదట్లో తొక్కితే తన్ను మలుపు మధ్యలో తగిలేది. పాత కాస్‌వర్త్‌కు ఈ జబ్బు లేదు. తొక్కినంత మేరకే, తొక్కిన వెంటనే. వానలో బెలోఫ్‌కు కలిసొచ్చింది అదే. టర్బో టోల్‌మన్ కారులోనే పదమూడో స్థానం నుంచి రెండో స్థానానికి ఎగబాకిన అయర్టన్ సెన్నాను చూస్తే, ఆ తన్నును పాదంతో మచ్చిక చేసుకున్న వాళ్లూ లేకపోలేదు.

ఇందులో మరో మర్మం, బరువు జరగడం. బండి ముందుకు ఉరికితే బరువు వెనక చక్రాల మీదికి జరుగుతుంది. వెనక చక్రం లాగే బండికి ఇది వరమే, పట్టు పెరుగుతుంది. కానీ సస్పెన్షన్ అణగడానికి క్షణంలో కొంత భాగం పడుతుంది. మెల్లగా రేజ్ ఇస్తే బరువు, బలం జోడుగా నడుస్తాయి. ఒక్కసారిగా ఇస్తే బలం ముందే వచ్చేస్తుంది, బరువు ఇంకా దారిలోనే ఉంటుంది. ముందు చక్రాలు లాగే కార్లకు అసలే నష్టం: తొక్కినకొద్దీ వాటి మీద బరువు తగ్గుతుంది.

ఇక మలుపులో పరిస్థితి నెల జీతం లాంటిది. ఉన్నదే కొంత, అద్దెకు ఎక్కువ పోతే సరుకులకు తగ్గుతుంది. టైరు పట్టంతా బండిని పక్కకు తిప్పడానికే ఖర్చవుతుంటే, ముందుకు తోయడానికి ఇవ్వగలిగింది కొంచెమే. బైకు వెనక చక్రం ఇలాంటప్పుడే పక్కకు కొట్టుకుపోతుంది. చక్రం రోడ్డు వేగం కన్నా ఓ 10–15 శాతం ఎక్కువ తిరిగే దాకా పట్టు పెరుగుతూనే ఉంటుంది, ఆ పైన పడిపోతుంది. దాంతో చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది, పట్టు ఇంకా పడిపోతుంది. అప్పుడు భయపడి రేజ్ ఠక్కున వదిలేస్తే ఇంకో ప్రమాదం. టైరు హఠాత్తుగా మళ్లీ పట్టు దొరకబుచ్చుకుని, నడిపేవాడిని సీటు మీది నుంచి ఎగరేస్తుంది.

మరి ఈ జారుడును ఆపే సాధనాలు లేవా? 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త ద్విచక్ర వాహనాలకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. చాలామంది అదొక్కటి ఉంటే బండి జారదనుకుంటారు. ఏబీఎస్ చూసేది బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా ఉండడం వరకే. రేజ్ ఇచ్చినప్పుడు చక్రం గిర్రున తిరగకుండా చూసేది ట్రాక్షన్ కంట్రోల్. ఇది ముందు, వెనక చక్రాల వేగాలు పోల్చి, తేడా రాగానే ఇంజిన్ బలాన్ని తగ్గించేస్తుంది. ఎలక్ట్రిక్ బండ్లలో ఈ పని ఇంకా చురుగ్గా చేయొచ్చు. వాటి మోటారు నిలబడ్డ చోటు నుంచే గరిష్ఠ టార్క్ ఇస్తుంది కాబట్టి తడిలో జారే అవకాశం ఎక్కువ, కానీ ఆ టార్క్‌ను కొన్ని మిల్లీసెకన్లలో తగ్గించగలిగేదీ అదే మోటారు. ఎటొచ్చీ, ఆ పని చేసే ప్రోగ్రాం బండిలో ఉండాలి. ఎలక్ట్రిక్ స్కూటర్ కొనేటప్పుడు మైలేజీతో పాటు షోరూంలో ఆ సంగతీ అడగొచ్చు.