మూరెడు తీగ

రేడియోలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఏది? కొందరు స్పీకరు అంటారు, కొందరు బాటరీ అంటారు. కాని ఆ పెట్టెకు చెవి ఒకటి ఉన్నది. దాన్ని ఏరియలు అంటారు. యాంటెన్నా అన్నా అదే. ఆ చెవి మంచిది కాకపోతే ఎంత ఖరీదైన సెట్టయినా చెవిటిదే.

స్కానరు కొన్నవాళ్ళకు ఈ సంగతి త్వరగా తెలిసివస్తుంది. స్కానరు అంటే, ఒక్కొక్క ఫ్రీక్వెన్సీనీ వరసగా తడిమి చూస్తూ, మాట వినిపించిన చోట ఆగే రేడియో. దానితో ఇచ్చే పొట్టి రబ్బరు ఏరియలు జేబులో ఇముడుతుంది గాని, దూరపు మాటను పట్టుకోలేదు. (ఇటువంటి సెట్లకు మన దేశంలో నియమాలున్నవి. కొనేముందు పెద్దలు విచారించాలి. పోలీసులు తమలో తాము చెప్పుకునే మాటలు మనకోసం కావు.)

మరి ఏం వినాలి? భూమికి దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున అంతర్జాతీయ అంతరిక్ష స్టేషను తిరుగుతున్నది. 2025 జూలైలో అందులోనుంచి శుభాంశు శుక్లా మన విద్యార్థులతో హామ్ రేడియోలో మాట్లాడాడు. పరీక్ష ప్యాసై, ప్రభుత్వంనుంచి లైసెన్సు తీసుకుని, సరదాకొద్దీ వైర్‌లెస్ నడిపేవాళ్ళను హాములంటారు. మన దేశంలో 12 ఏళ్ళు నిండినవారు ఆ పరీక్షకు కూర్చోవచ్చు. హైదరాబాదులో 1983లో వీరికొక జాతీయ సంస్థ కూడా ఏర్పడింది.

స్టేషనునుంచి ఆ మాటలు 145.8 మెగాహెర్ట్జుల మీద దిగివస్తవి. అది మల్యాలమీదుగా పోయేటప్పుడు కొండగట్టు దగ్గరి పిల్లవాడూ, పట్నంలో మేడమీది పిల్లవాడూ దానికి ఇంచుమించు ఒకే దూరాన ఉంటారు. తేడా అంతా చెవిలోనే.

ఆ చెవి ఎంత పొడుగుండాలి? పలక తీసుకోండి. రేడియో అల సెకనుకు 30 కోట్ల మీటర్లు పోతుంది. ఈ అల సెకనుకు 14 కోట్ల 58 లక్షల సార్లు ఊగుతుంది. భాగిస్తే ఒక్క అల పొడుగు సుమారు 2 మీటర్ల 6 సెంటీమీటర్లు. అందులో పావు వంతు 51 సెంటీమీటర్లు. తీగ విషయంలో నూటికి అయిదు వంతులు తగ్గించటం మామూలు గనక, 49 చాలు. అంటే మూరెడుకన్నా కాస్త ఎక్కువ! వేణువు పొడుగునుబట్టి స్వరం మారినట్టే, తీగ పొడుగునుబట్టి అది ఏ అలకు బాగా స్పందించేదీ మారుతుంది. అందుకే పొడుగెక్కువైతే మంచిదనుకోవటం పొరపాటు. 738 కిలోహెర్ట్జుల మీద ఎన్నో ఏళ్ళు పలికిన హైదరాబాదు స్టేషను అలకు ఈ లెక్కన 100 మీటర్ల తీగ నిలబెట్టాలి! అది ఇళ్ళలో సాగే పని కాదు గనక, ఆ రేడియోల లోపల నల్లని కడ్డీకి సన్నని తీగ చుట్టి పెడతారు.

మన ఏరియలుకు అయిదు రాగి తీగ ముక్కలు కావాలి. ఒకటి నిటారుగా నిలుస్తుంది. నాలుగు గొడుగు ఊచల్లా కిందికి వాలి ఉంటవి. వీటిని 51 సెంటీమీటర్లు కోయండి. టి.వి. కేబులు లోపలి నడిమి తీగను నిటారు ముక్కకూ, దాని చుట్టూ ఉన్న జాలీని నాలుగు ఊచలకూ టంకం వేసి కలపాలి. ఈ రెండూ ఒకదానికొకటి తగలరాదు. కలిపిన చోట వాన నీరు దిగకుండా టేపు చుట్టండి. నీరు తాగిన కేబులు పనికిరాదు.

ఇక ఎత్తు. ఈ అలలు దాదాపు తిన్నగా పోతవి, గుట్టలు ఎక్కి దిగలేవు. నేలమీది స్టేషనుల మాట అటుంచితే, అంతరిక్ష స్టేషను దిగంతం దగ్గర ఉన్నప్పుడు గుట్టా, చింతచెట్టూ అడ్డమే. 4 మీటర్ల ఎత్తున్న ఏరియలు చూపు మైదానంలో 8 కిలోమీటర్లు పోతే, 9 మీటర్ల ఎత్తున్న దాని చూపు 12 కిలోమీటర్లు పోతుంది. కేబులు మాత్రం అవసరమైనంతే ఉంచండి. దారిలో అదీ కొంత మాటను మింగుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. బొంగు ఎత్తేముందు తల పైకెత్తి కరెంటు తీగలు ఎక్కడున్నవో చూడాలి. ఏరియలుతో సహా బొంగు ఎంత పొడుగో, తీగలు అంతకు ఒకటిన్నర రెట్లు దూరంగా ఉండాలి. అది పడిపోయినా వాటికి తగలరాదు. పచ్చి వెదురులోనుంచీ కరెంటు పాకుతుంది. ఈ పని ఒంటరిగా చేయటానికి వీల్లేదు, పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. మబ్బు పట్టినప్పుడే కేబులు సెట్టునుంచి తీసి ఇంటి బయట పడేయండి. ఉరుము వినిపించాక దాన్ని ముట్టనే వద్దు.

స్టేషను ఒకసారి వస్తే పది నిమిషాలకు మించి కనబడదు. వచ్చేటప్పుడు దాని మాట 145.803 దగ్గర, పోయేటప్పుడు 145.797 దగ్గర మరింత బాగా వినబడుతుంది. మీవైపు వస్తున్న రైలు కూతకూ, దాటిపోయిన రైలు కూతకూ తేడా గమనించారు కదా, ఇదీ అంతే. నడినెత్తిమీదికి వచ్చినప్పుడు మాట సన్నగిల్లితే సెట్టును తట్టకండి. నిలువు తీగ తన తలమీదినుంచి వచ్చేదాన్ని సరిగా వినలేదు. అది కాస్త పక్కకు జరగగానే మళ్ళీ వినిపిస్తుంది.