పోయేటప్పుడు మెడికల్ ఉంది, తిరిగొచ్చాక ఏది?



మన ఇందల్వాయి మీదుగా హైవే పోతుంది, రైలూ పోతుంది. ఈ రెండు దారుల్లోనే మన పిల్లలు హైదరాబాదు చేరి, అక్కడ విమానమెక్కి దుబాయి, రియాద్, దోహా వెళ్తున్నారు. నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్‌తో సంబంధం లేని ఊరు దొరకడం కష్టం. మన సంస్థకు అందే విరాళాల్లో ఆ ఎండల్లో సంపాదించిన సొమ్ము ఉంది. సాయం కోరుతూ వచ్చే దరఖాస్తుల్లోనూ ఆ ఎండల్లో పనిచేసి వచ్చినవారే ఉంటున్నారు. అందుకే ఈ సంచికలో కిడ్నీల గురించి మీతో మాట్లాడాలనుకున్నాం.

డయాలసిస్ సాయం కోసం మా దగ్గరకు వచ్చిన ఒక సోదరుడు చెప్పిన మాట ఇప్పటికీ మాకు గుర్తుంది. ఆయన చాలా ఏళ్లు గల్ఫ్‌లో కట్టడాల పనిచేశారు. తిరిగొచ్చిన కొన్నాళ్లకు కాళ్లు వాచాయి, ఆకలి పోయింది. పరీక్ష చేయిస్తే రెండు కిడ్నీలూ దాదాపు పోయాయన్నారు. “పోయేటప్పుడు రక్తం, ఎక్స్‌రే అన్నీ చూసిన్రు భాయ్. వచ్చినంక ఒక్కరన్నా అడగలే” అన్నారాయన. ఆయన అన్నది నిజమే. పనికి పనికొస్తాడా లేదా అని తేల్చడానికి మెడికల్ ఉంది. పనిచేసి వచ్చిన మనిషి ఎలా ఉన్నాడో చూసే ఏర్పాటు మాత్రం లేదు.

కిడ్నీ జబ్బు ఇంత ఆలస్యంగా ఎందుకు బయటపడుతుంది? ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల సన్నని వడపోత గొట్టాలు ఉంటాయి. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా పంపి, మిగిలినదంతా ఒంటికి తిరిగి ఇస్తాయి. కొన్ని గొట్టాలు చెడిపోతే మిగిలినవి వాటి పని కూడా మోస్తాయి. అందువల్ల సగం శక్తి పోయేదాకా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. వాపు, వాంతులు, ఆయాసం కనిపించేసరికి తరచుగా చాలా ఆలస్యమైపోతుంది.

ఈ జబ్బుకు షుగరు, బీపీ పెద్ద కారణాలని అందరూ ఒప్పుకుంటారు. ఇప్పుడు వైద్యుల మధ్య చర్చ అంతా షుగరు, బీపీ లేని కష్టజీవులకు కిడ్నీలు ఎందుకు చెడుతున్నాయన్నదే. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల చెరకు కూలీల్లో, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లో ఇది కనిపించింది. మన తెలుగువారికి తెలిసిన పేరు ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలోని ఈ కొబ్బరి, జీడితోటల ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు ఈ జబ్బుకు బలయ్యాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. తాగే నీళ్లా, పురుగుమందులా, నొప్పి మాత్రలా, ఎండలో పనా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. ఉద్దానంలో ఒకే ఒక్క కారణమని ఎవరూ తేల్చలేదు.

అయితే మధ్య అమెరికా అనుభవం తర్వాత ఎండ పాత్రపై వైద్యుల దృష్టి బాగా పెరిగింది. మండుటెండలో బరువు పని చేస్తే ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమట రూపంలో నీరు పోతుంది. కిడ్నీలకు చేరే రక్తం తగ్గుతుంది. ఒక్కరోజు దెబ్బ మానిపోతుంది. అదే దెబ్బ రోజూ, ఏళ్ల తరబడి తగిలితే మచ్చ కడుతుంది. పని వేడి కారణంగా ప్రపంచంలో 2 కోట్ల 62 లక్షల మంది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుతో ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో అంచనా వేసింది. 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ కిడ్నీ ఆరోగ్యంపై ప్రత్యేక తీర్మానం చేసింది.

గల్ఫ్ దేశాల్లో మధ్యాహ్నపు పనిపై నిషేధం ఉంది. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, ఎమిరేట్స్‌లో అవే తేదీల్లో 12.30 నుంచి 3 దాకా, ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి 3.30 దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. మన పిల్లలు వెళ్లేముందే ఈ వేళలు తెలుసుకోవాలి. మిగతా గంటల్లో కూడా దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగాలి, నీడలో విరామం తీసుకోవాలి.

ఎండ గల్ఫ్‌కే పరిమితం కాదు. పసుపు సీజనులో మన ఆర్మూరు ప్రాంతపు కల్లాల్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. పక్కన పొయ్యి మంట, పైన ఎండ, ఉడికిన కొమ్ములు ఆరబోసే పని. సాయంత్రానికి నడుము నొప్పి. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు మింగి పడుకోవడం. ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలకు రక్తం చాలని వేళ ఈ మాత్రలు ఆ రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. గల్ఫ్ క్యాంపుల్లోనూ ఇవే మాత్రలు చేతులు మారుతుంటాయి. డాక్టరు చెప్పకుండా రోజుల తరబడి వాటిని వాడకూడదన్న ఒక్క మాట ప్రతి ఇంటికీ చేరితే, అదీ పెద్ద మేలే.

మరి జబ్బును ముందే ఎలా పట్టుకోవాలి? బీపీ, షుగరు చూడటంతోపాటు రెండు చిన్న పరీక్షలు చాలు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్. క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకూడదు. 25 ఏళ్ల యువకుడికి 1.2 ఉంటే కిడ్నీల పనితీరు లెక్క సుమారు 86 వస్తుంది. 60 ఏళ్ల స్త్రీకి అదే 1.2 ఉంటే సుమారు 52 మాత్రమే. ఈ లెక్కను ఈజీఎఫ్ఆర్ అంటారు. మూడు నెలలకు పైగా 60 లోపు ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా పరిగణిస్తారు. 15 లోపుకు పడితే డయాలసిస్, కిడ్నీ మార్పిడి గురించి ఆలోచించాల్సిన స్థితి.

ముందే తెలిస్తే ప్రయోజనం ఏమిటని కొందరు అడుగుతారు. బీపీ, షుగరు అదుపులో పెడితే జబ్బు నెమ్మదిస్తుంది. దానికితోడు, మొదట షుగరుకు వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ అనే మందు షుగరు లేనివారిలో కూడా కిడ్నీ క్షీణతను నెమ్మదింపజేస్తుందని 2020లో ఒక పెద్ద పరిశోధన చూపింది. అదే ఏడాది మన దేశంలో దాని పేటెంటు ముగిసి, చాలా కంపెనీలు తయారు చేయడంతో ధర తగ్గింది. ఎవరికి ఇవ్వాలో డాక్టరే నిర్ణయించాలి. కిడ్నీ జబ్బున్నవారు, డయాలసిస్ మీద ఉన్నవారు రమజాన్‌కు ముందే డాక్టరును కలిసి ఉపవాసం గురించి అడగాలి. రోగులకు ధర్మంలో ఉన్న వెసులుబాటును వాడుకోవడం తప్పు కాదు.

ఇక మీ సొమ్ము సంగతి. ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఉచితం. డయాలసిస్ రోగులకు ఆసరా పింఛను కూడా ఉంది. కాబట్టి మా దగ్గరకు వచ్చేవారి అవసరం ఎక్కువగా వేరే ఉంటోంది. వారానికి రెండు మూడుసార్లు నిజామాబాదుకు రానుపోను ఖర్చు, ఒక్కోసారి నాలుగు గంటలు మంచం మీద, వెంట వచ్చిన మనిషికి పోయిన కూలి, రక్తం పెంచే ఇంజెక్షన్లు, పిల్లల ఫీజులు. ఈ సాయాన్ని మేము ఆపము. జకాత్ సొమ్ము అర్హులైన పేదల చేతికే చేరాలి కనుక దాన్ని ఈ కుటుంబాలకే ఇస్తాం.

దాంతోపాటు సదఖా నిధి నుంచి ఒక కొత్త పని మొదలుపెట్టాలని తలపెట్టాం. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవారికి, సెలవు మీద వచ్చినవారికి, పసుపు కూలీలకు మతం చూడకుండా బీపీ, షుగరు, ఆ రెండు పరీక్షలు చేయించడం, తేడా ఉన్నవారిని డాక్టరు దాకా తీసుకెళ్లడం, మూడు నెలలకు మళ్లీ చూపించడం. ఆఖరి పని చాలా ముఖ్యం. ఒక్కరోజు శిబిరం పెట్టి ఫొటో దిగి వచ్చేస్తే ఎవరి కిడ్నీ బాగుపడదు.

ఈ పనికి డబ్బుతోపాటు మీ మాట కూడా కావాలి. మీ ఇంట్లో, మీ వీధిలో గల్ఫ్ నుంచి వచ్చినవారు ఉంటే ఏం తెచ్చావని అడిగే ముందు ఒంట్లో ఎలా ఉందని అడగండి. పరీక్షకు తోడుగా పంపండి. ఆ సోదరుడిని ఎవరూ అడగలేదు. ఆయన తర్వాత వచ్చేవారినైనా మనం అడుగుదాం, ఇన్షా అల్లాహ్.